తొండా... అరటిపండా?

పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ.

ఇదేం మంత్రమండీ అని ఇంట్లో పెద్దవాళ్లు అడగొచ్చు. నలభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న కొడుకునో అల్లుడినో పిలిచి పై వాక్యం చదివి వినిపించండి. చిన్నప్పుడు టీవీకి తగిలించి వీడియో గేములాడిన బాపతు అయితే సగంలోనే అందుకుంటారు. పదమూడో ఎక్కం దగ్గర తడబడేవాళ్లు కూడా ఇక్కడ తడబడరు. 'కాంట్రా' అనే ఆటలో 3 ప్రాణాలను 30 చేసే కోడ్ అది. ఇంగ్లిషువాళ్లు ఇలాంటివాటికి పెట్టుకున్న పేరు చీట్ కోడ్.

చీట్ అంటే మోసం. ఆటలో మోసానికి మనకు అంతకన్నా మంచి మాటే ఉంది... తొండి! అష్టాచెమ్మాలో పడిన గవ్వను చాటుగా తిప్పినా, గోలీలాటలో జానెడును మూరెడు చేసినా తొండే. తొండి చేసేవాడితో రెండోసారి ఎవరూ ఆడరు. అయితే మన పిల్లల ఆటల్లోనే ఇంకో ఏర్పాటూ ఉంది. పెద్దపిల్లలు దాగుడుమూతలు ఆడుతుంటే నాలుగేళ్ల తమ్ముడు నేనూ వస్తానని ఏడుపు లంకించుకుంటాడు. 'వాణ్నీ ఆడించుకోండర్రా' అని వంటింట్లోంచి అమ్మ కేక. సరేనని వాణ్ని 'ఆటలో అరటిపండు' చేస్తారు. ఇక వాడు దొరికినా దొంగ కాడు. అవుటైనా అవుట్ కాదు. అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకొని ఇచ్చిన మినహాయింపు అది. అందులో మోసం ఏమీ లేదు.

మరి ఈ చీట్ కోడ్ సంగతేమిటి? తొండా, అరటిపండా? సెలవులొస్తే చాలు, ఫోన్లోనో టీవీలోనో ఆడుతున్న పిల్లల దగ్గర ఏదో ఒక రూపంలో ఈ తగవు వస్తూనే ఉంటుంది కాబట్టి ఈ వారం ఆ ముచ్చట.

రాసినాయనకే చేతకాక...

కోడ్ పుట్టుక తెలిస్తే సగం జవాబు దొరుకుతుంది. జపాన్‌లోని కొనామి కంపెనీ 1985లో 'గ్రాడియస్' అనే ఆట తయారుచేసింది. నాణెం వేసి ఆడే బీరువా అంత పెట్టె ఆట. అంతరిక్షంలో ఓ చిన్న ఓడ. ఎదురుగా శత్రువుల గుంపులు. దారిలో దొరికే శక్తులను ఒక్కొక్కటే పోగేసుకుంటూ ఓడను బలంగా చేసుకోవాలి. ఒక్క దెబ్బ తగిలిందా... పోగేసిందంతా పోయి మళ్లీ నత్తనడక ఓడే గతి. దీన్ని ఇంట్లో టీవీకి పెట్టుకునే నింటెండో వారి ఫ్యామికామ్ మీదికి తేవాలని కొనామి అనుకుంది. ఆ పని కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్‌కు అప్పగించారు.

ప్రోగ్రామ్ రాసేశాక మొదట్నుంచీ చివరిదాకా ఎక్కడా తప్పుల్లేవని ఆడి చూడాలి కదా. అక్కడొచ్చింది చిక్కు. ఆ ఆటను చివరిదాకా ఆడి గెలవడం హషిమోటో వల్ల కాలేదు! ఈ సంగతి తర్వాత ఓ ఇంటర్వ్యూలో ఆయనే చెప్పుకున్నారు. అందుకని ఓ దొడ్డిదారి పెట్టుకున్నారు. ఆటను కాసేపు ఆపి ఆ పది బటన్లూ వరసగా నొక్కితే శక్తులన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. వాడేది తనే కాబట్టి తేలిగ్గా గుర్తుండే వరసను ఎంచుకున్నారు. పైకి రెండు, కిందికి రెండు, అటూ ఇటూ రెండుసార్లు, చివర్లో రెండు బటన్లు. అంతే!

1986లో ఆట బజారుకు వచ్చేనాటికి ఆ దారి మూయకుండా అలాగే ఉండిపోయింది. ఆడేవాళ్లు కనిపెట్టారు. కంపెనీకీ సరదా పుట్టినట్టుంది, తర్వాతి ఆటల్లో అదే వరసను కావాలని పెట్టడం మొదలుపెట్టింది. 1988లో కాంట్రా ఇంటి టీవీల్లోకి రావడంతో అది దేశదేశాలకూ పాకింది. పేరే 'కొనామి కోడ్' అయిపోయింది. 2020 ఫిబ్రవరిలో హషిమోటో చనిపోయినప్పుడు వార్తలన్నిటా ఆయన పేరు పక్కన ఉన్నది ఆ పది బటన్లే. జీవితమంతా ఎన్నో ఆటలకు పనిచేసిన మనిషిని, ఓ ఆట ఆడలేకపోయినందుకు ప్రపంచం గుర్తుపెట్టుకుంది.

అంటే ఈ కోడ్‌ను మొదట వాడుకున్నది ఆట రాసినాయనే. తన ఆటలో తనే అరటిపండు అయ్యారన్నమాట.

కొనామి వాళ్లకు చిలిపితనం కూడా ఉందండోయ్. తర్వాత వచ్చిన సూపర్ నింటెండో గ్రాడియస్-3లో పాత వరసను ఉన్నదున్నట్టు నొక్కితే శక్తులన్నీ వస్తాయి... మరుక్షణం ఓడ దానంతటదే పేలిపోతుంది. ఎడమ, కుడి బాణాల బదులు జాయ్‌స్టిక్ నెత్తిమీద ఉండే ఎల్, ఆర్ బటన్లు నొక్కినవాళ్లకే వరం దక్కుతుంది.

జలపాతం చూడాలంటే...

ఇంతకీ ఆ కాలపు ఆటలు అంత కష్టంగా ఎందుకుండేవి? ఒక కారణం, వాటి పూర్వీకులు నాణెం పెట్టెలు. ఆడేవాడు తొందరగా ఓడితేనే మళ్లీ నాణెం పడుతుంది. ఇంటి టీవీలోకి వచ్చాక నాణెం పోయింది గానీ బుద్ధి పోలేదు. రెండోది, క్యాసెట్‌లో చోటు చాలా తక్కువ. మొదటి సూపర్ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో వచ్చే ఓ గుడ్‌మార్నింగ్ బొమ్మ కూడా అంతకన్నా పెద్దదే. అంత కొంచెం సరుకుతో నెలల తరబడి ఆడించాలంటే కష్టంగా పెట్టడం ఒక్కటే దారి.

కాంట్రాలో ఉన్నవి 8 స్టేజీలు. బాగా ఆడేవాడికి అరగంట పని. కానీ ఒక్క తూటా తగిలితే ఒక లైఫ్ గోవిందా. మొదటి స్టేజీ అడవి, రెండోది శత్రుస్థావరం, మూడోది జలపాతం. ఆ జలపాతం పక్కన రాళ్లమీద గెంతుకుంటూ పైకెక్కాలి. 3 లైఫ్‌లతో దిగిన కొత్తవాడికి అక్కడిదాకా రావడమే గగనం. అయిదో స్టేజీలో మంచు ఉందనీ, చివర్లో గ్రహాంతర జీవి గుహ ఉందనీ వాడికి తెలిసేదెలా? కోడ్ ఆ తలుపు తీసింది. అలాగని ఆట వాడి తరఫున ఆడిపెట్టలేదు. గెంతాల్సింది వాడే, కాల్చాల్సింది వాడే. 30 లైఫ్‌లూ జలపాతం దగ్గరే తగలేసి కూర్చున్నవాళ్లకు కొదవ లేదు. ఆడగా ఆడగా దారి వేళ్లకు వచ్చేస్తుంది. అప్పుడు కోడ్ లేకుండా 3 లైఫ్‌లతోనే ఆడాలనిపిస్తుంది. సైకిల్‌కు పక్కచక్రాలు ఊడదీసినట్టు.

మన దగ్గర ఇంకో చిత్రం జరిగింది. 1990ల్లో మన ఇళ్లలోకి వచ్చిన టీవీ గేముల్లో చాలావరకు ఫ్యామికామ్‌కు నకళ్లు. పసుపుపచ్చ క్యాసెట్ మీద '64 ఇన్ 1' అనో '9999 ఇన్ 1' అనో రాసుండేది. అన్ని వేల ఆటలా అని నోరు తెరిచి, జాబితా కిందికి జరుపుకుంటూ పోతే తెలిసేది అసలు సంగతి. ఉన్నవి కాసినే. అవే ఆటలు పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. ఒక వరసలో కాంట్రా 3 లైఫ్‌లతో, ఇంకో వరసలో 30 లైఫ్‌లతో, మరో వరసలో నేరుగా ఏ నాలుగో స్టేజీతోనో మొదలయ్యేది. అంటే కోడ్ నొక్కే శ్రమ కూడా లేకుండా నకలు తయారుచేసినవాడే చీటింగ్‌ను ముందే కలిపి అమ్మేశాడు! అందుకే మన పిల్లల్లో ఎందరికో కాంట్రా అంటే పుట్టుకతోనే 30 లైఫ్‌ల ఆట. ఆటను దాచుకునే వీలు లేదు కాబట్టి ఏడో స్టేజీలో కరెంటు పోతే మాత్రం 30 కూడా సున్నాయే. వేసవి కోతలకు చీట్ కోడ్ ఎవరూ కనిపెట్టలేదు మరి.

ఆశకు పోతే...

ఆ కాలపు కోడ్‌లలో మనుషుల జాడలు కనిపిస్తాయి. 1992లో వచ్చిన 'సోనిక్-2'లో నచ్చిన స్టేజీకి వెళ్లాలంటే, పాటలు వినిపించే పట్టికలో 19, 65, 09, 17 వరసగా మోగించాలి. ఏమిటా అంకెలు? ఆ ఆట ప్రోగ్రామర్ యూజీ నాకా పుట్టినరోజు... 1965 సెప్టెంబరు 17. 1987 నాటి మైక్ టైసన్ బాక్సింగ్ ఆటలో 007 373 5963 అని కొడితే చిన్నాచితకా బాక్సర్లందరినీ దాటేసి నేరుగా టైసన్ ముందు నిలబడతాం. ఫోన్ నంబరులా ఉండే ఈ కోడ్‌లో ఓ న్యాయం ఉంది. దగ్గరి దారిన వెళ్లామా, అక్కడ టైసన్ ఉంటాడు. ఆయన మొదట్లో విసిరే ఒక్కో గుద్దుకూ మన బాక్సర్ నేలకరిచేస్తాడు.

మారియోలో అయితే కోడ్ కూడా అక్కర్లేదు. మూడో ప్రపంచం మొదటి స్టేజీ చివర్లో మెట్లు దిగివచ్చే తాబేలు ఉంటుంది. దాని డిప్ప మీద సరిగ్గా గెంతితే అది మెట్టుకు తగిలి వెనక్కొస్తుంది. మళ్లీ గెంతుతాం, మళ్లీ వస్తుంది. గెంతిన కొద్దీ లైఫ్‌లు. పది దాటాక అంకె పక్కన కిరీటం గుర్తు కూడా పెడతారు. ఇక ఆనందం పట్టలేక గంతులే గంతులు. అయితే లైఫ్‌లు లెక్కపెట్టే ఆ చిన్న గూడులో 127 దాకానే మామూలు అంకెలు. ఆపైన వచ్చేవాటిని యంత్రం రుణసంఖ్యలుగా చదువుతుంది. మరీ ఆశకు పోయి ఆ గీత దాటినవాడు ఒక్కసారి చచ్చాడంటే... 'ఇతగాడికి సున్నా కన్నా తక్కువ ఉన్నాయి' అనుకుని యంత్రం గేమ్ ఓవర్ అనేస్తుంది. ఇది ఎవరో నీతి చెబుదామని పెట్టింది కాదు. శుద్ధ లెక్కల గొడవ.

కోర్టుకెక్కిన భూతం

ఇంతవరకూ చెప్పుకున్నవి ఆట తయారుచేసినవాళ్లు పెట్టినవో, మరిచిపోయినవో. వాళ్లకు ఇష్టం లేకుండా బయటివాళ్లు తాళం తీస్తే? అదే 'గేమ్ జీనీ' కథ. బ్రిటన్‌లో కోడ్‌మాస్టర్స్ అనే కంపెనీ దీన్ని తయారుచేస్తే అమెరికాలో లూయిస్ గలూబ్ టాయ్స్ అనే బొమ్మల కంపెనీ అమ్మకానికి పూనుకుంది. క్యాసెట్‌కూ గేము పెట్టెకూ మధ్యలో తగిలించే పరికరం అది. పెట్టె 'ఎన్ని లైఫ్‌లు' అని క్యాసెట్‌ను అడుగుతుంది. క్యాసెట్ 'మూడు' అనబోతుంది. మధ్యలో జీనీ గొంతు సవరించుకుని 'తొమ్మిది' అంటుంది. పెళ్లిసంబంధంలో మధ్యవర్తి పాత్రన్నమాట.

దాని పనితనం చూడాలంటే మారియోకు వాడే ఒక కోడ్ చాలు. ఎస్, ఎక్స్, ఐ, ఓ, పీ, ఓ. చూడ్డానికి అర్థం లేని ఆరక్షరాలు. విప్పి చూస్తే ఒక చిరునామా, ఒక ఆజ్ఞ. మారియో చచ్చినప్పుడు 'లైఫ్‌లలోంచి ఒకటి తగ్గించు' అని ఆటలో ఒకచోట రాసుంటుంది. సరిగ్గా ఆ చోట జీనీ 'ఎన్నున్నాయో చూడు' అనే ఆజ్ఞను అందిస్తుంది. పాపం యంత్రం తగ్గించడం మానేసి చూసి ఊరుకుంటుంది. మారియో ఎన్నిసార్లు చచ్చినా లెక్క మారదు. ఇంత ముచ్చటైన తొండిని నేనైతే చూడలేదు.

నింటెండోకు ఒళ్లు మండింది. 1990లో కోర్టుకెళ్లింది. మా ఆటను మార్చి కొత్త ఆట తయారుచేస్తున్నారు, అది కాపీరైటు చట్టానికి విరుద్ధం అని వాదన. తీర్పు వచ్చేదాకా అమ్మొద్దని కోర్టు ఆపింది. అసలు విచారణ అయ్యాక 1991లో శాన్‌ఫ్రాన్సిస్కో జడ్జి ఫెర్న్ స్మిత్ గలూబ్ పక్షాన తీర్పిచ్చారు. ఆవిడ చెప్పిన పోలికలు మన ఇంటి అరుగుమీద చెప్పినట్టే ఉంటాయి. పుస్తకం కొన్నవాడు కొన్ని పేజీలు వదిలేసి చదువుకోవచ్చు. వీడియో క్యాసెట్‌ను ముందుకు తిప్పుకుని చూడొచ్చు. బల్లమీద ఆడే ఆటకు ఇంట్లోవాళ్లు సొంత రూల్స్ పెట్టుకోవచ్చు. డబ్బు కట్టి కొన్నాక తన ఇంట్లో తన సరదాకు ఎలా ఆడుకుంటే కంపెనీకేం? 1992లో పైకోర్టూ అదే మాట అంది. అమ్మకాలు ఆపినందుకు గలూబ్‌కు ఒకటిన్నర కోటి డాలర్ల పరిహారం కూడా వచ్చింది.

మన ఇళ్లలో వైకుంఠపాళికి ఇంటికో రూలు ఉంటుంది కదా. ఒకటి పడితేగానీ కాయ బయటికి రాకూడదని ఒకరు, ఏది పడ్డా రావచ్చని ఇంకొకరు. ఎవరైనా తొండి అన్నారా? ముందే ఒప్పుకున్నంత కాలం అనరు. ఆ అమెరికా జడ్జి చెప్పిందీ ఇంచుమించు ఇదే.

చెమటా... నెత్తురా?

ఒక్క కోడ్ దగ్గర మాత్రం నాకు మనసొప్పదు. 1993 సెప్టెంబరులో 'మోర్టల్ కోంబాట్' అనే పోరాటం ఆట ఇంటి టీవీలకు వచ్చింది. నాణెం పెట్టెలో ఆడినప్పుడు అందులో నెత్తురు చిందేది, గుండె పీకేయడాలూ ఉండేవి. నింటెండో దానికి ఒప్పుకోక నెత్తురు స్థానంలో బూడిదరంగు చెమట పెట్టించింది. సెగా తెలివిగా వ్యవహరించింది. డబ్బా విప్పి ఆడితే నెత్తురు కనిపించదు. ఎ, బి, ఎ, సి, ఎ, బి, బి అని నొక్కితే తెరంతా నెత్తురు. అమెరికాలో సెగా వారి గేము పెట్టె పేరు జెనిసిస్. అదే పేరుతో ఉన్న బ్రిటిష్ సంగీత బృందం 1981లో తెచ్చిన 'అబాకాబ్' ఆల్బమ్ పేరును కోడ్‌లో ఇరికించారు. అంత చమత్కారం!

చమత్కారం బాగానే ఉంది. కానీ ఆ కోడ్ ఎవరి కళ్లు గప్పడానికి? ఆటకు కాదు, ఎదుటి ఆటగాడికీ కాదు. దుకాణంలో నిలబడి 'ఏం పర్వాలేదులే' అని కొనిచ్చిన అమ్మానాన్నలకు. పిల్లలకు తెలిసి పెద్దలకు తెలియకుండా ఉండేలా కంపెనీయే పెట్టిన దొడ్డిదారి. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా సెనేట్‌లో దీనిమీదా ఇలాంటి మరికొన్ని ఆటలమీదా పెద్ద విచారణే జరిగింది. 1994లో ఆటల డబ్బాలపై వయసు గుర్తులు వేసే బోర్డు ఏర్పడింది. ఇవాళ అక్కడి ఆటల డబ్బామీద కనిపించే 'టి', 'ఎం' అక్షరాల వెనక ఈ ఏడు బటన్ల హస్తం ఉంది.

కాబట్టి మా అబ్బాయి కోడ్ కొట్టి ఆడుతున్నాడు, తప్పా అని ఎవరైనా అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే. అటువైపు ఎవరున్నారు? యంత్రమే ఉంటే ఆడుకోనివ్వండి. అటువైపు వాడి చెల్లెలు ఉండి, తనకు 3 లైఫ్‌లూ వాడికి 30 ఉంటే ఆపాల్సిందే. ఆన్‌లైన్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లలతో ఆడుతూ, గురి దానంతటదే కుదిరే దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే అది నికార్సయిన తొండి. పైగా ఖాతా మూసేస్తారు.

ఇప్పటి ఆటల్లో ఇలాంటి కోడ్‌లు చాలా అరుదైపోయాయి. అవసరం తీరిపోయి కాదు. ఆ సరుకుకు ధర కట్టారు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌నే తీసుకోండి. 5 లైఫ్‌లు ఇస్తారు. అయిపోతే ఒక్కో లైఫ్ తిరిగి రావడానికి అరగంట. ఆగలేకపోతే డబ్బు కట్టు. హషిమోటో పది బటన్లకు ఇచ్చింది ఇక్కడ నాన్న కార్డు నంబరుకు ఇస్తారు. అరటిపండు చేయడానికి కూడా రేటు పెట్టారన్నమాట! తొండి అంటే ఇది అని నా అనుమానం. కోడ్ కొట్టే పిల్లల మీద కేకలేసేముందు, ఆటకు ఏ కార్డు తగిలించి ఉందో ఓసారి చూసుకోవడం మంచిది.

ఇక కోర్టుకెళ్లిన నింటెండో సంగతి. 2018లో తన పాత ఆటలను ఆన్‌లైన్‌లో మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో 'జెల్డా' మొదటి ఆటకు ఓ ప్రత్యేక రకం కూడా ఉంది. ఆరంభంలోనే జేబు నిండా డబ్బు, చేతినిండా ఆయుధాలు. 2019లో ఇంకో సదుపాయం చేర్చింది. చచ్చిపోతే ఆటను వెనక్కి తిప్పుకుని, చావకముందు నుంచి మళ్లీ ఆడుకోవచ్చు. పాపం గేమ్ జీనీ వింటే ఏమనుకునేదో.

అన్నట్టు, అటకమీద పాత గేము పెట్టె ఇంకా ఉండి, అది పనిచేస్తూ ఉంటే ఓ రెండు జాగ్రత్తలు. కాంట్రా పేరు తెరమీద ఉన్నప్పుడే కోడ్ నొక్కాలి, ఆట మొదలయ్యాక నొక్కితే పనిచేయదు. మన నకలు జాయ్‌స్టిక్‌ల మీద నాలుగు బటన్లుంటాయి, వాటిలో రెండు టర్బోలు. అవి ఒక్క నొక్కుకే పదిసార్లు నొక్కినట్టు చెబుతాయి కాబట్టి ముట్టుకోవద్దు. ఒక్కరే ఆడితే చివర్లో స్టార్ట్. ఇద్దరు ఆడేటట్టయితే ముందు సెలెక్ట్ నొక్కి, ఆ తర్వాత స్టార్ట్. ఇద్దరికీ చెరో 30 వస్తాయి.